ఎవరూ ఇవ్వని ఆర్డరు

2, గురువారం

ఇది రాయకపోతే రేపటిలోగా ఎవరో ఒకరికి చెప్పేస్తాను. చెప్పేస్తే ఉద్యోగం పోతుంది. అందుకని రాస్తున్నాను. మా ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఈ పుస్తకం కుర్చీ మీద తెరిచి పెట్టినా భయం లేదు.

మా అసలు మేనేజరు, అందరం మోకాళ్ళ సారనే ఆయన, ఆపరేషన్ చేయించుకుని తిరిగి వచ్చేదాకా, అంటే వచ్చే నెల ఒకటి దాకా, మునిసిపల్ ఆఫీసులో పారిశుద్ధ్యం మేనేజరు కుర్చీ నాది. బల్ల మీది బోర్డులో 'ఇన్‌చార్జి' అన్న మాట చిన్న అక్షరాల్లో ఉంది. నేను పెద్ద అక్షరాలే చదువుకుంటాను.

నిన్న కమిషనర్ గారి గదిలోకి వెళ్ళి అడిగాను. వీధులు ఊడ్చేవాళ్ళంతా తెల్లవారకముందే మా ఆఫీసు యార్డుకి నడిచొచ్చి, వరసలో నిలబడి, హాజరు వేయించుకుని, చీపుళ్ళూ బండ్లూ తీసుకుని, వచ్చిన దారినే మళ్ళీ నడుస్తారు. కొందరు ఊడ్చేది వాళ్ళ ఇంటి ముందు వీధే. గుమ్మంలోంచి బయలుదేరి, ఊరంతా తిరిగి, గుమ్మం ముందుకే వచ్చి పని మొదలుపెడతారు. ప్రతి వార్డులోనూ నీళ్ళ ట్యాంకు కింద ఒక ఖాళీ గది ఉంది. బండ్లు అక్కడ పెట్టి, హాజరు అక్కడే తీసుకుంటే ఏం పోతుంది సార్ అన్నాను.

ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. "చూద్దాంలే" అన్నారు.

మా ఆఫీసులో చూద్దాం అంటే కుదరదని. అటెండరు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

మెట్లు దిగుతుంటే కింద మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఊడ్చేవాళ్ళందరి మీదా ఆయనే అజమాయిషీ. తలపాగా తీసి చేత్తో పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ, "సారు ఏమన్నారు మేడం?" అని అడిగాడు.

"సరేనన్నారు."

ఆ మాట ఎవరన్నారా అని నేనే వెనక్కి తిరిగి చూశాను.

3, శుక్రవారం

మేస్త్రి అప్పుడే అన్ని వార్డుల్లోనూ చెప్పేశాడట. ట్యాంకు గదుల తాళాలు కూడా తీయించాడట. నాకేం భయం లేదు.

ఒక సంగతి ఇక్కడ రాసి ఉంచడం మంచిది. అమ్మ ఊడ్చేది ఆఖరి వార్డు. యార్డుకి అన్నిటికంటే దూరం. కానీ ఇది అమ్మ కోసం చేయలేదు.

6, సోమవారం

ఈ రోజు మొదలైంది. నాకు సంబంధం లేనట్టు, కూరగాయల సంచీ ఒకటి చేత్తో పట్టుకుని, పొద్దున్నే నాలుగు వార్డులు తిరిగాను. ప్రతి ట్యాంకు కిందా ఆడవాళ్ళు నిలబడి నవ్వుకుంటున్నారు. ఏదో సెలవు దొరికినట్టు ఉన్నారు. ఒకామె జడ అల్లుకుంటోంది. యార్డులో ఎవరైనా జడ అల్లుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడికి వచ్చేసరికే అందరి జుట్టూ చెమటకి అంటుకుపోయి ఉండేది.

ఆఖరి వార్డులో అమ్మ నన్ను చూసి చీపురు కిందికి దించి, "మేడం గారు ఇంత పొద్దున్నే తనిఖీకి వచ్చారా" అంది అందరికీ వినబడేలా. "కూరలు కొనడానికి" అన్నాను. "కూరల బజారు అటుంది మేడం గారూ." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సంచీ ఖాళీగానే ఇంటికి తెచ్చాను. గాల్లో తేలుతున్నట్టుంది, కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

అమ్మ కోసం కాదు. నాలుగు వార్డులూ చూశాను కదా.

7, మంగళవారం

కమిషనర్ గారు పిలిచారు. చచ్చాననుకున్నాను.

"ఏవమ్మా, రెండు రోజులుగా పొద్దున్నే యార్డులో గోల లేదేంటి?"

ఆయన క్వార్టర్సు యార్డు గోడకి అవతలే. ఆ సంగతే నాకు గుర్తు రాలేదు. ఏళ్ళ తరబడి ఆయన ఈ హాజరు కేకలకే నిద్ర లేస్తున్నాడన్నమాట.

"స్టాఫే అడిగారు సార్, వాళ్ళ వార్డుల్లోనే హాజరు తీసుకోమని. ట్రయల్‌గా చూస్తున్నాం."

అదీ అబద్ధమే. వాళ్ళని ఎవరూ ఏదీ అడగలేదు, వాళ్ళూ ఎవరినీ ఏదీ అడగలేదు. కానీ ఆ ముక్క నా నోట్లోంచి ఎంత చక్కగా వచ్చిందో. ఎప్పట్నుంచో అక్కడే కూర్చుని పిలుపు కోసం చూస్తున్నట్టు.

"మంచిదేనమ్మా" అని ఆవలించారు. అది కూడా తృప్తిగా. "మా ఆవిడ అంటోంది, మొహం తేటగా ఉందట."

అంటే కింద ఉన్నవాళ్ళు, పైవాళ్ళు ఒప్పుకున్నారని నమ్ముతున్నారు. పైన ఉన్నవాళ్ళు, కిందివాళ్ళు అడిగారని నమ్ముతున్నారు. నడుమ నేనొక్కదాన్ని ఉన్నాను. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కలుసుకోకుండా చూసుకుంటే చాలు. ఏముంది అందులో.

9, గురువారం

అమ్మ అన్నం పెడుతూ: "మీ పెద్ద సారు దేవుడే. ఎక్కడో పైన కూర్చున్నాయనకి మా కాళ్ళ నొప్పి తెలిసింది. నువ్వూ ఉన్నావు అదే ఆఫీసులో. ఎందుకు?"

నీళ్ళు తాగాను.

"చదివించాను కదా, ఇలాంటివి నీకు తట్టొద్దూ" అంది. ఇంకో గరిటె వేసింది.

13, సోమవారం

ఇది పూర్తిగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

మధ్యాహ్నం పది మంది ఆడవాళ్ళు పని ముగించుకుని నేరుగా ఆఫీసుకి వచ్చారు. ముందు పెద్దక్క. ఊడ్చేవాళ్ళలో వయసులో పెద్దది, ఎవరికీ తల వంచని మనిషి. అటెండరు ఆపబోతే, "తప్పుకో బాబూ, మేం గొడవకి రాలేదు, మెచ్చుకోడానికి వచ్చాం, అలవాటు లేదేమో నీకు" అని లోపలికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. ఆ రెండు మాటలూ ఒకే గదిలోకి వచ్చేస్తున్నాయి.

పెద్దక్క చేతులు కట్టుకుని చెప్పింది. "సార్, ఇన్నేళ్ళలో ఎంతో మంది కమిషనర్లని చూశాం. ఎవరికీ రాని ఆలోచన మీకొచ్చింది. మా మోకాళ్ళు మీ పేరు చెప్పుకుంటున్నాయి."

కమిషనర్ గారు నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. తన పెళ్ళిరోజు పక్కింటివాళ్ళు గుర్తు చేస్తే మనిషి మొహం ఎలా ఉంటుందో, ఆయన మొహం కాసేపు అలా ఉంది. తర్వాత నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది. కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నారు.

"మీ కష్టం నాకు తెలియదా అమ్మా" అన్నారు.

నేను బయటికి వచ్చి, రికార్డు గదిలోకి దూరి, రెండు బీరువాల మధ్య నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. రికార్డు గదికి కాపలా మా సీనియర్ క్లర్కు, అందరం ఆయన్ని బీరువా గారంటాం. భుజాలు కదలడం చూసి ఆయన కంగారు పడ్డారు.

"ఏడుస్తున్నావా అమ్మా? సారు తిట్టారా?"

"లేదండీ. చాలా మంచివారు."

"మంచివాళ్ళ దగ్గరే ఏడుపొస్తుందమ్మా" అని ఒక పాత కవరు తెచ్చి నాకు గాలి విసిరారు.

16, గురువారం

కమిషనర్ గారి కథ పెరుగుతోంది. మంగళవారం ఇంజనీరుకి చెప్పినప్పుడు, కిటికీలోంచి వాళ్ళు నడిచిపోవడం చూశారు. నిన్న విలేకరికి చెప్పినప్పుడు, ఆ దృశ్యం తలచుకుని నిద్ర పట్టలేదు. ఈ రోజు బ్యాంకాయనకి చెప్పినప్పుడు, ఒక ఉదయం వాళ్ళతో పాటు తనూ నడిచి వెళ్ళారు. ఇంకో వారం ఆగితే చీపురు కూడా పట్టేలా ఉన్నారు.

నేను ఫైలు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నవ్వు ఆపుకోవడానికి పాదం మీద పాదం వేసి తొక్కుకున్నాను. కానీ చెబుతూ ఒక చోట ఆయన ఆగారు. "ఆ చీకట్లో, ఆ వయసులో, చెప్పులు అరిగిపోయి, పాపం" అన్నారు. కళ్ళు చెమర్చాయి. నిజంగానే. నాకూ చెమర్చాయి. ఆయన నడవకపోతేనేం, వాళ్ళు నడిచింది నిజమే కదా.

18, శనివారం

నిన్న పెద్ద మీటింగులో చుట్టుపక్కల ఊళ్ళ కమిషనర్లంతా మా సారుకి చప్పట్లు కొట్టారట. ముందుకంటే వీధులు పెందలాడే శుభ్రపడుతున్నాయని మా సారు చెప్పారట. ఆయన చెప్పినవాటిలో అది ఒకటి మాత్రం అక్షరాలా నిజం. నేను లెక్క వేసుకున్నాను కాబట్టి తెలుసు.

పక్క ఊరి కమిషనర్ లేచి, "ఆ ఆర్డరు కాపీ మాకూ పంపండి, మేమూ అమలు చేస్తాం" అన్నారట.

అటెండరు ఇదంతా చెబుతూ గర్వంగా నవ్వాడు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

20, సోమవారం

"ఏవమ్మా, ఆ ఆర్డరు కాపీ ఒకటి తీసి పంపించు."

"వెతికిస్తాను సార్."

ఆఫీసంతా వెతకడం మొదలుపెట్టింది. నేనూ వెతికాను. లేని కాగితం కోసం బల్ల కింద దూరి ఎంత శ్రద్ధగా వెతికానో, ఒక దశలో దొరుకుతుందేమోనని ఆశ కూడా పుట్టింది.

టైపిస్టు అక్క అంది: "నేనే టైపు చేశాను కదే. 'కార్మికుల సంక్షేమం దృష్ట్యా' అని మొదలవుతుంది. సంక్షేమం దగ్గర తప్పు పడితే మళ్ళీ కొట్టాను."

బీరువా గారు అన్నారు: "పచ్చ ఫైలు. నా చేత్తో ముద్ర వేశాను. ఆ రోజు ముద్ర సరిగ్గా పడలేదు కూడా."

"అయితే ఎక్కడుందండీ?"

"ఆడిట్‌కి వెళ్ళి ఉంటుంది."

అటెండరు అందుకున్నాడు: "నేనే మోసుకెళ్ళాను ఆడిట్‌కి. ఎండ మండిపోతోంది ఆ రోజు."

ఒక్కరూ అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను చంపుతోంది. ఏ మంచి పని జరిగినా దానికో కాగితం ఉండే తీరుతుందని, అది తమ చేతుల మీదుగానే వెళ్ళి ఉంటుందని వాళ్ళకి అంత నమ్మకం. మేస్త్రి కూడా వచ్చి, "నాకు చదివి వినిపించారు మేడం, మీరే" అన్నాడు.

సాయంత్రానికి ఆ కాగితం ఎలా ఉంటుందో నాకు కళ్ళకి కట్టినట్టు కనబడసాగింది. కింది మూల కొంచెం చిరిగి ఉంటుంది.

21, మంగళవారం

నాకేం భయం లేదు. అన్నం సహించలేదు, అంతే.

22, బుధవారం

మోకాళ్ళ సారు వచ్చారు. ఆసుపత్రికి చూపించుకుని వెళ్తూ, చేతికర్రతో. ఆయన కుర్చీలోంచి గబుక్కున లేచాను. "కూర్చో కూర్చో, నాకు ఇంకా వారం ఉంది" అని ఎదురుగా కూర్చున్నారు. తలుపు వేయమన్నారు.

"నువ్వేం చేశావో నేను చెప్పనా? కింద, పెద్దాయన సరేనన్నాడన్నావు. పైన, కిందివాళ్ళే అడిగారన్నావు. అవునా?"

తలూపాను. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి చేతికర్ర జారి కింద పడింది. నేను తీసి ఇచ్చాను.

"ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా చేసేది అదేనమ్మా. లేకపోతే ఈ ఊళ్ళో ఒక్క దీపం వెలగదు, ఒక్క కాలవ పారదు. పైవాళ్ళకి వాళ్ళే అన్నట్టు అనిపించాలి, కిందివాళ్ళకి వాళ్ళ మాట చెల్లినట్టు అనిపించాలి. మనం అసలు లేనట్టే ఉండాలి. కానీ నువ్వు ఒకటి మర్చిపోయావు. పని జరిగిన వారంలోగా కాగితం పుట్టించాలి."

"ఇప్పుడెలా సార్?"

"పాత తేదీ వేసి ఆర్డరు టైపు చేయించు. ఆయన ఇప్పుడున్న ఊపులో కళ్ళు మూసుకుని సంతకం పెడతాడు. పెట్టించలేకపోయావనుకో, ఒకటో తేదీ నేను ఇక్కడ కూర్చుంటాను. కాగితం లేదు కాబట్టి హాజరు యార్డులోనే. అందరూ మళ్ళీ నడవాల్సిందే. నాకు సర్వీసు రెండేళ్ళే ఉంది తల్లీ, నన్ను ఇందులో ఇరికించకు. ఇంకో మాట. ఆడిట్‌వాళ్ళు వచ్చి, ఈ నెల యార్డులో నిలబడనివాళ్ళంతా గైర్హాజరే అంటే? ఆలోచించు."

గుమ్మం దాకా వెళ్ళి, కర్ర ఆనించి, వెనక్కి తిరగకుండానే అడిగారు. "మీ అమ్మది ఏ వార్డమ్మా?"

"ఆఖరిది సార్."

"ఊ" అన్నారు.

23, గురువారం

మధ్యాహ్నం నేనే ఆర్డరు టైపు చేశాను. 'కార్మికుల సంక్షేమం దృష్ట్యా'. పాత తేదీ వేశాను. చాలా అందంగా వచ్చింది. టైపిస్టు అక్కకి చూపిస్తే "ఇదే, ఇదే, ఎక్కడ దొరికింది" అని ఉండేది. సంతకం ఒక్కటే తక్కువ.

పట్టుకుని కమిషనర్ గారి గది దాకా వెళ్ళాను. లోపల ఆయన ఎవరికో చెబుతున్నారు, "ఆ రోజు చీపురు నేనే అందుకుని". అప్పుడు కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తలుపు తోసేసేదాన్ని.

ఎందుకు తోయలేదో రాసుకోవాలి. ఆ కాగితం దొంగదని ఎప్పుడో ఒకప్పుడు తేలితే ఎవరిని నిలబెట్టి అడుగుతారు? కమిషనర్ గారికి అప్పటికి ఇంకో ఊరికి బదిలీ అయిపోయి ఉంటుంది. నాకు రెండు ముక్కలు ఇంగ్లిషు వచ్చు, ఏదో చెప్పి బయటపడతాను. పెద్దక్కని అడుగుతారు. పక్క ఆడవాళ్ళని అడుగుతారు. 'ఎవరు చెప్తే అక్కడ నిలబడ్డారు?' గైర్హాజరు పడేది వాళ్ళ పేర్ల ఎదురుగా.

చించేశాను. పొద్దుగూకేలోగా ఇంటికి వచ్చి అమ్మకి అంతా చెప్పేశాను.

అమ్మ అరుగు మీద కూర్చుని మడమలకి నూనె రాసుకుంటోంది. మొత్తం విని నూనె గిన్నె పక్కన పెట్టింది.

"అయితే ఆయన చీపురు పట్టలేదా?"

"లేదమ్మా."

"మాతో నడవనూ లేదా?"

"నిద్రపోతున్నాడు."

అమ్మ నవ్వు నేను అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. నూనె గిన్నె తన్నేసుకుంది. నేనూ నవ్వాను. ఒకరి మీద ఒకరం పడి నవ్వాం. పక్కింటామె తొంగి చూసి, "ఏమైంది వదినా" అంటే, "మా పిల్లకి ఉద్యోగం పోయేలా ఉంది" అంది అమ్మ, మళ్ళీ నవ్వుతూ. ఆమె ఏమనుకుందో పాపం, తలుపు వేసుకుంది.

తర్వాత కళ్ళు తుడుచుకుని అడిగింది. "నేను ఆ వరసలో లేకపోతే చేసేదానివా?"

"చేసేదాన్ని."

"అంత గబుక్కున చెప్పకు."

ఆలోచించాను. ఈ పుస్తకంలో రాసినవి కూడా తలచుకున్నాను. అమ్మ కోసం కాదని ఎన్నిసార్లు రాశానో.

"తెలియదమ్మా. చిన్నప్పట్నుంచీ నువ్వు చీకట్లో గొళ్ళెం తీసే చప్పుడుకే మెలకువ వచ్చేది నాకు. మిగతావాళ్ళ నడక నేనెక్కడ చూశాను? నీ నడక చూసే వాళ్ళ నడక తెలిసింది."

"మరి అదే రాయి పైవాళ్ళకి."

"రాస్తే నిజంగానే పోవచ్చు ఉద్యోగం."

"పోతే పోనీ అని నేననను. ఊరికే రాలేదు అది. నువ్వు చదివావు, నేను ఊడ్చాను." గిన్నె నిలబెట్టి, మిగిలిన నూనె రెండో మడమకి రాసుకుంది. "అయినా రాయి. మా పేర్లు చెడకుండా రాయి."

24, శుక్రవారం

పొద్దున్న రాసి టైపుకి ఇచ్చాను. టైపిస్టు అక్క చివరిదాకా చదివి రెండు చేతులూ మిషను మీంచి తీసేసింది.

"ఆర్డరు లేదా? నేను కొట్టాను కదే."

"కొట్టలేదక్కా."

"సంక్షేమం దగ్గర తప్పు పడింది కూడా." కాసేపు తన వేళ్ళ వంక చూసుకుంది. "సరేలే. కానీ కమిషనర్‌కి గడువు పెడతావుటే? పైవాళ్ళకి ఎవరైనా తేదీ వేస్తారా? 'తమ వీలును బట్టి' అని రాద్దాం."

"ఆయన వీలు వచ్చే నెలలో పడుతుంది అక్కా."

"భయం లేదూ నీకు?"

"ఉంది."

ఉంది. అయినా ఆ కాగితం పట్టుకుని వరండాలో నడుస్తుంటే ఈల వేయాలనిపించింది. ఈల రాదు నాకు. కమిషనర్ గారి గదిలో ఎవరూ లేరు. బల్ల మీద, ఆయన కళ్ళజోడు కింద పెట్టి వచ్చాను. మరో ప్రతి నా దగ్గర ఉండాలని ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

*కమిషనర్ గారికి,*

*ఈ నెల ఆరో తేదీ నుంచి పారిశుద్ధ్య కార్మికుల హాజరు యార్డులో కాకుండా వారి వారి వార్డుల నీళ్ళ ట్యాంకుల దగ్గర తీసుకుంటున్నాం. దీనికి ఆర్డరు లేదు. ఆఫీసు వెతుకుతున్న కాగితం ఎప్పుడూ పుట్టలేదు. నేను అడిగినప్పుడు తమరు చూద్దామన్నారు. కింద మాత్రం తమరు సరేనన్నారని చెప్పాను. తర్వాత కార్మికులే అడిగారని తమకు చెప్పాను. రెండూ నిజం కావు. తప్పుకి బాధ్యత నాది ఒక్కదానిది.*

*కార్మికులు నేను నిలబడమన్న చోట నిలబడ్డారు, ఊడవాల్సిన వీధులు ఊడ్చారు. వారి హాజరు చెల్లాలని కోరుతున్నాను. వారిలో ఒకరు మా అమ్మ. ఆమె నడక చూసే నాకు ఈ ఆలోచన వచ్చింది. ఆ సంగతి పక్కన పెట్టి, ఆలోచన మంచిదో కాదో వీధులు చూసి తేల్చగలరు.*

*ఈ పద్ధతి ఉండాలో వద్దో, సంతకం పెట్టిన రోజు తేదీతోనే ఆర్డరు ఇవ్వగలరు. ఒకటో తేదీ తెల్లవారుజామున ఎటు నడవాలో వారికి ముందురోజే చెప్పాలి. కనుక ఇరవై తొమ్మిదో తేదీ, బుధవారం సాయంత్రం ఆఫీసు మూసేలోగా తమ జవాబు రాతపూర్వకంగా ఇప్పించ ప్రార్థన.*